పరీక్షలయ్యేదాకా అన్నీ బాగున్నాయి

మొన్న షటిల్ కాక్‌లు కొందామని మా వీధి చివర ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. లోపల గోడకి చేరేసి బేస్‌బాల్ బ్యాట్లు బారులు తీరి ఉన్నాయి. నల్లవి, ఎర్రవి, ఒకదాని మీద పుర్రె బొమ్మ కూడా. హైదరాబాదులో ఈ ఆట ఆడే మహానుభావులు ఎవరా అని ఆశ్చర్యపోయి, వీటికి బంతులు కూడా ఉన్నాయా అని అడిగాను. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "బాలెందుకు సార్? కార్ల పెట్టుకోనీకి తీస్కపోతరు," అన్నాడు. బంతి అక్కర్లేకుండా బ్యాటు ఒక్కటే అమ్ముడుపోతోందంటే ఆ పుణ్యమంతా మన యాక్షన్ సినిమాలదే. ఇరవై మంది రౌడీలు, ఇరవై బ్యాట్లు, వాళ్ళందర్నీ చితక్కొట్టడానికి ఒక్క హీరో. ఆ ఇరవై మందిలో ఒక్కడికైనా ఆ కర్ర అసలు దేనికి పుట్టిందో తెలుసా? నా బొంద తెలుసు. ఈ సంగతి మా బావగారికి చెబితే గంటసేపు ఉతికి ఆరేసేవారు కదా అనిపించి ఫోను తీశాను. తీసి, నంబరు నొక్కకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే మేము దోహాలో ఉన్న రోజుల దగ్గరికి వెళ్ళాలి.

అవి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఆ ఊరంతా తవ్వి పోస్తున్న రోజులు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళిన రోడ్డు సాయంత్రం తిరిగొచ్చేసరికి ఉండేది కాదు. దాని స్థానంలో ఎర్ర తెల్ల ప్లాస్టిక్ దిమ్మలు, ఒక బాణం గుర్తు, ఆ బాణం చూపించిన వైపు వెళ్తే మరో గొయ్యి ఉండేవి. నేను అల్ మన్సూరాలో ఇంకో ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటూ ఒక ట్రేడింగ్ కంపెనీలో ఎకౌంట్స్ చూసేవాణ్ణి. మా అక్క, బావగారు, వాళ్ళమ్మాయి ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేవారు. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్క దగ్గరే. అక్క చేతి పులుసు కోసం వెళ్తున్నానని అందరితోనూ చెప్పేవాణ్ణి గానీ అసలు వెళ్ళేది బావగారి వెటకారం కోసం. ఆయనది పాలకొల్లు పక్కన పల్లెటూరు. స్టేడియం పనులు చూసే ఒక కన్సల్టెన్సీలో ఇంజనీరు. ఈ లోకంలో ఆయనకి నచ్చిన వస్తువు నాకు తెలిసి ఒక్కటీ లేదు. నచ్చలేదని ఊరుకునే మనిషి కూడా కాదు, ఎందుకు నచ్చలేదో విన్నవాడికి ఆకలి వేసేలా చెప్పేవారు.

సెలవు మీద ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళు పెట్టెల్లో పచ్చళ్ళ మధ్య నవలలు కుక్కి తెచ్చేవారు. అవి ఇల్లిల్లూ తిరిగి, ఆవకాయ మరకలతో సహా ఆఖరికి బావగారికి చేరేవి. ఆయన ఒక్క పేజీ వదలకుండా చదివి శుక్రవారం నాకు తీర్పు చెప్పేవారు. "మొదటి పేజీలో వర్షం, ఆఖరి పేజీలో వర్షం. మధ్యలో ఆ పిల్లకి ఎవడైనా గొడుగు కొనిపెట్టుంటే ఈ నవలే ఉండేది కాదురా," అన్నారోసారి. ఇంకోటి, తెలుగువాళ్ళంతా కళ్ళొత్తుకుంటూ చదివిన పుస్తకం. "వీడు మూడొందల పేజీలు బాధపడతాడు. ఎందుకని నువ్వడక్కూడదు, వాడు చెప్పకూడదు. అదీ ఒప్పందం," అన్నారు. ఆ పుస్తకం నేనూ చదివి కాస్త కళ్ళు తుడుచుకున్నవాణ్ణే. ఆ సంగతి ఆయనకి తెలియనివ్వలేదు.

ఇక టీవీ. దోహా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ జనం భోంచేసి చూసే రాజకీయ చర్చలు అక్కడ మాకు సాయంత్రం టీ వేళకి వచ్చేవి. తెర మీద ఆరు గళ్ళు, గడికొక పెద్దమనిషి, అందరూ ఒకేసారి అరవడం, వాళ్ళందరి మీదా అరవడానికి జీతం తీసుకునే యాంకరు. "వీళ్ళ మాట ఇంట్లో ఎవరూ వినరురా, పాపం, అందుకని ఇక్కడికొచ్చి చెప్పుకుంటున్నారు," అనేవారు బావగారు. "చూడ్డం ఎందుకూ, తిట్టడం ఎందుకూ, కట్టేయొచ్చుగా?" అనేది అక్క. "కట్టేస్తే తిట్టేదెలాగే?" అనేవారు. చర్చ అయ్యాక సినిమా. హీరో ఒక్క గుద్దు గుద్దితే రౌడీ గాల్లోకి లేస్తాడు, గిరగిరా తిరుగుతాడు, ఈలోగా హీరో చొక్కా మడత సర్దుకుంటాడు. "పైకెళ్ళినవాడు ఎప్పుడు దిగుతాడంటావు? ఇంటర్వెల్ తర్వాతా?" అని బావగారు అడిగేవారు. వాళ్ళమ్మాయి, అంటే మా మేనకోడలు, సోఫాలోంచి కింద పడి నవ్వేది. సినిమా తీసినవాళ్ళు మాకిచ్చిన వినోదం అంతవరకే.

ఇంట్లో ఇదంతా బాగానే నడిచేది. వచ్చిన చిక్కల్లా ఆఫీసులో. బావగారి పెద్ద బాసు ఒక అమెరికన్. ఇంట్లో ఆయన్ని బావగారు దొర అనేవారు కాబట్టి నేనూ అలాగే అంటాను. దొర గదిలో పొద్దస్తమానం వాళ్ళ దేశపు రాజకీయ చానెల్ మోగుతుండేది. అదీ మనదీ ఒకటే, వాళ్ళు తొడుక్కున్న కోట్లు మాత్రం కాస్త మంచివి. నెలకోసారి దొర అందరికీ ఒక పుస్తకం పంచి, గురువారం మీటింగులో ఒక్కొక్కర్నీ లేపి అభిప్రాయం అడిగేవాడు. శుక్రవారం పొద్దున్న అల్ అజీజియా వైపు ఒక గ్రౌండ్ అద్దెకి తీసుకుని స్టాఫ్ చేత బేస్‌బాల్ ఆడించేవాడు. దేశం దేశమంతా ఫుట్‌బాల్ పేరు చెప్పి పునాదులు తీస్తుంటే, ఆ స్టేడియం కట్టేవాళ్ళు వెళ్ళి బేస్‌బాల్ ఆడ్డం! అదీ ఏం ఆట అండీ? ఒకడు విసురుతాడు, ఒకడు ఊపుతాడు, తగలదు. మళ్ళీ విసురుతాడు, మళ్ళీ ఊపుతాడు. మిగతావాళ్ళు నించుని ఏదో నములుతుంటారు. క్రికెట్ కూడా అంతే కదా అనేవాళ్ళతో నేను మాట్లాడను.

ఒక నెల దొర పంచిన పుస్తకం తోడేళ్ళ మంద నుంచి నాయకత్వం నేర్చుకోవడం గురించి. గురువారం మీటింగులో ఒకడు లేచి ఈ పుస్తకం తన జీవితాన్నే మార్చేసిందన్నాడు. ఇంకొకావిడ వాళ్ళాయన చేత కూడా చదివిస్తున్నానంది. బావగారి వంతు వచ్చింది. ఆయన లేచి, మంచి ఇంగ్లీషులో, "ఈ రచయిత తోడేలునీ చూడలేదు, ఆఫీసునీ చూడలేదు," అని కూర్చున్నారు. దొర నవ్వాడట, కానీ పళ్ళు మాత్రమే కనబడ్డాయట. ఆ ముక్క బావగారు శుక్రవారం మాకు చెప్పినప్పుడు నేనూ మేనకోడలూ చప్పట్లు కొట్టాం. అక్క కొట్టలేదు.

కొట్టకపోవడమే సరైన పనని వారం తిరక్కుండానే తేలింది. ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఒక మలయాళీ ఆయన, మంచివాడు, బావగారిని కరక్ చాయ్‌కి పిలిచి చెవిలో వేశాడు. స్టేడియం పని చాలావరకు అయిపోవచ్చింది, మనుషుల్ని తగ్గిస్తారు, జనవరిలో కాంట్రాక్టులు తిరగరాసేటప్పుడు మీ పేరు పక్కన దొర యాటిట్యూడ్ అని రాయించాడు, "భాయ్, జర జబాన్ సంభాలో," అన్నాడట, నోరు కాస్త అదుపులో పెట్టుకోమని. ఉద్యోగం పోతే పోయింది, బావగారికి ఇంకోటి దొరక్కపోదు. కానీ ఉద్యోగంతో పాటు వీసాలు పోతాయి, ఇల్లంతా మూటాముల్లే సర్దుకుని దేశం వదలాలి. మా మేనకోడలికి అది పదో తరగతి. మార్చిలో పరీక్షలు. కిందటేడాదే కింద ఫ్లాట్‌లో ఒరియావాళ్ళకి సరిగ్గా ఇలాగే అయి, వాళ్ళ పిల్లకి ఏడాది చదువు నీళ్ళపాలైంది. ఆ పిల్ల లిఫ్టు దగ్గర మా మేనకోడల్ని పట్టుకుని ఏడ్చిన ఏడుపు అక్క మర్చిపోలేదు.

మా అక్క గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ శుక్రవారం మాత్రం భోజనాలవగానే బావగారిని వంటింటి అలమార ముందు నిలబెట్టింది. ఆ అలమారలోనే దేవుడు ఉండేవాడు, కింద అరలో కందిపప్పు డబ్బా. "ఏవండీ, కాశీ వెళ్తే ఇష్టమైంది వదిలేసి వస్తారు కదా. మా అమ్మ వంకాయ వదిలేసింది, మీ నాన్నగారు జామపండు వదిలేశారు. మీరు ఈ దేవుడి ముందు వెటకారం వదిలేయండి," అంది. బావగారు నవ్వేసి, "కాశీలో వదిలింది మళ్ళీ ముట్టుకోకూడదు కదే," అన్నారు. "పిల్ల పరీక్షలయ్యేదాకా చాలు. ఆ తర్వాత మీ ఇష్టం, అన్నం మానేసి అదే తినండి," అంది అక్క. బావగారు గుమ్మంలో నించున్న కూతురి వైపు చూశారు. అది కెమిస్ట్రీ పుస్తకం గుండెకి ఆనించుకుని, ఎన్నడూ లేనిది, నవ్వకుండా చూస్తోంది. ఆయన దోసిట్లో నీళ్ళు పోయించుకుని పళ్ళెంలో వదిలారు.

తీరా వదిలాక, ఒక్కసారిగా ఆఫీసులో బాగుందనమంటే నోరు తిరగదని అక్క ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. కావాలని ఉప్పు వేయకుండా ఉప్మా చేసి పెట్టేది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "బాగుంది," అనేవారు. "ఎలా బాగుందో కూడా చెప్పండి, అక్కడ అడుగుతారు," అనేది. "మెత్తగా ఉంది. సాఫీగా దిగుతోంది," అనేవారు. టీవీ చర్చల దగ్గర కాపలా నాది. గంట చర్చ పెదవి విప్పకుండా చూడాలి. రాష్ట్రం ఎటు పోతోందని యాంకరు గొంతు చించుకుంటుంటే బావగారు కుర్చీ చేతులు పట్టుకుని, మొహం కందగడ్డలా చేసుకుని కూర్చునేవారు. ఒకరోజు ఇక తట్టుకోలేక లేచి బాల్కనీలోకి వెళ్ళి, ఎదురుగా క్రేన్ల వైపు చూస్తూ ఏదో గొణుక్కుని వచ్చారు. నేనూ మేనకోడలూ కడుపు పట్టుకుని నవ్వాం. అప్పట్లో అది మాకు సినిమా కంటే పెద్ద తమాషా.

సాధన ఫలించింది. తర్వాతి పుస్తకం చీమల గురించి. చాలా ఉపయోగపడిందన్నారట బావగారు. ఏ భాగం అని దొర అడిగితే అన్ని భాగాలూ అన్నారట. ఇక మిగిలింది బేస్‌బాల్. అంతకుముందు ఎప్పుడూ నడుం నొప్పి చెప్పి తప్పించుకున్న మనిషి, జనవరిలో ఒక శుక్రవారం కుటుంబాలతో సహా రమ్మంటే వెళ్ళక తప్పలేదు. అక్క పులిహోర కలిపింది. నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసు బస్సు నడిపే నిర్మల్ జిల్లా ఆయన మా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. ఆయన వారం వారం చూసి చూసి ఆటంతా నేర్చేసుకున్నాడు.

బావగారు చిన్నప్పుడు వాళ్ళ ఊరి క్రికెట్ జట్టుకి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. బ్యాటు పట్టుకోగానే అదంతా పూనింది. మొదటి బంతిని బ్యాటు పైకెత్తి ఎంతో అందంగా వదిలేశారు. రెండోదీ అలాగే వదిలేశారు. వదిలేయడం కూడా తప్పేనట, రెండూ ఆయన లెక్కలోకే వెళ్ళాయి. మూడోదాన్ని ఈడ్చి కొట్టారు. బంతి చాలా దూరం పోయింది. కొట్టాక పరుగెత్తి తీరాలన్న సంగతి ఎవరు చెప్పారు ఆయనకి? ఫీల్డరు ఉన్నాడులే, రన్ను లేదులే అనుకుని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ నించున్నారు. అందరూ కేకలు పెడితే అప్పుడు బయల్దేరారు, బ్యాటుతో సహా. "కట్టె ఇడ్శిపెట్టు సార్! కట్టె ఇడ్శి ఉర్కు!" అని నిర్మల్ ఆయన గట్టు మీంచి లేచి అరుస్తున్నాడు. బావగారు వింటేగా. ఆ ఆటలో వరసగా నాలుగు మూలలూ చుట్టి రావాలట. ఆయన మొదటి మూల, అంటే మొదటి బేస్ దగ్గర బ్యాటు ముందుకి చాచి, నేలకి ఆనించి, గిరుక్కున వెనక్కి తిరిగి రెండో రన్ను కోసమని, బయల్దేరిన చోటికే పరుగెత్తుకొచ్చేశారు. "ఎన్కకు కాదు సార్! అటు! అటు!" అని నిర్మల్ ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

గ్రౌండంతా పగలబడి నవ్వింది. దొరకి నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. దగ్గరికొచ్చి, బావగారి భుజం మీద చెయ్యేసి, నిజం చెప్పు, మా ఆట గురించి నువ్వేమనుకుంటున్నావు అని అడిగాడు. ఒక్కసారి నవ్వులు ఆగిపోయాయి. తోడేళ్ళ మీటింగులో ఉన్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు మరి. అక్క గరిటెతో పులిహోర తీస్తూ అలాగే ఉండిపోయింది. నేను బావగారి మొహం చూస్తున్నాను. వెటకారం బయల్దేరే ముందు ఆయన కింది పెదవి ఒక పక్కకి వెళ్తుంది. వెళ్ళింది. మాట తయారుగా ఉంది, పళ్ళ వెనకదాకా వచ్చేసింది కూడా, నాకు తెలుసు. అదేమై ఉంటుందా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన గుటక వేసి, "చాలా గొప్ప ఆట సర్. మా క్రికెట్ కంటే ఎంతో ముందుంది," అన్నారు. దొర ఆయన్ని కౌగలించుకున్నాడు. అక్క గరిటె దించింది.

ఆ నెలాఖరులోనే కాంట్రాక్టు సంతకమైంది. మార్చిలో మా మేనకోడలు పరీక్షలు రాసింది, బాగా రాసింది. ఆఖరి పరీక్ష అయ్యాక వచ్చిన శుక్రవారం మేమందరం దీక్ష విరమణకి సిద్ధమయ్యాం. నేను ఆ ఏడాదికల్లా చెత్త సినిమా ఏదో నలుగురినీ అడిగి మరీ వెతికి తెచ్చాను. అక్క స్వయంగా రిమోటు చేతికిచ్చి, "కానివ్వండి, ఇవాళ మిమ్మల్ని ఎవరూ ఆపరు," అంది. చర్చ మొదలైంది. ఆరు గళ్ళూ అరుస్తున్నాయి. మేము బావగారి మొహంకేసి చూస్తూ కూర్చున్నాం. ఆయన టీ తాగుతూ, "పాపం, వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేసుకుంటున్నారు," అన్నారు. ఇదేదో కొత్తరకం వెటకారం అనుకుని మేము నవ్వాం. సినిమా పెట్టాను. రౌడీలు గాల్లోకి లేచారు. ఇదివరకు ఇలాంటి చోట ఆయన ఊరుకున్నది లేదు. నేను మోచేత్తో పొడిచాను. "ఏదో, కష్టపడి తీశారు కదరా," అన్నారు. రాత్రికి అక్క వండిన పులుసు ఆయనకి ఎప్పుడూ నచ్చని చేమదుంప పులుసు. అదీ బాగుందన్నారు. "నిజంగానా?" అంది అక్క. "బాగుందంటే బాగుందే," అన్నారు చిరాకు కూడా లేకుండా.

మేము పెద్దవాళ్ళం, అలవాటు మీద అంటున్నార్లే, నాలుగు రోజుల్లో మామూలైపోతారని సరిపెట్టుకున్నాం. మేనకోడలు సరిపెట్టుకోలేదు. అది మూడో క్లాసు నుంచీ ఏం రాసినా ముందు నాన్నకే చూపించేది. ఆయన ఎర్ర పెన్ను తీసి, "ఈ వాక్యం అద్దె కట్టకుండా కూర్చుంది, ఖాళీ చేయించు," అనేవారు. అది కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చి, దెబ్బలాడి, మళ్ళీ రాసుకొచ్చేది. స్కూల్లో బహుమతులన్నీ దానికే వచ్చేవి. బహుమతులు తెచ్చినా ఆయన బాగుందనేవారు కాదు, "పోయినసారి కంటే తక్కువ పాడుచేశావు," అనేవారు. ఆ మాట కోసం అది చచ్చేది.

రెండు వారాలాగి అది ఒక వ్యాసం రాసుకొచ్చింది. నాన్న బ్యాటు పట్టుకుని వెనక్కి పరుగెత్తిన కథ. దొరని, బేస్‌బాల్‌ని, మమ్మల్నందర్నీ ఏకిపారేసింది. చదువుతుంటే అచ్చం బావగారి నోరే. అదంతా ఒక ఎత్తు, మూడో పేరాలో మాత్రం కావాలని కెమిస్ట్రీ పుస్తకంలోంచి ఆమ్లాలూ క్షారాలూ ఉన్న ఒక ముక్క యథాతథంగా దించింది. వంటింట్లో నాకూ అక్కకీ చూపించి, "ఇది చూశాక చూద్దాం, నాన్న ఎలా ఊరుకుంటారో," అంది. కళ్ళు మెరుస్తున్నాయి దానికి. బావగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. కాగితాలు అంచులు సరిచేసి తిరిగిచ్చి, "చాలా బాగుందమ్మా," అన్నారు.

"మూడో పేరా కూడానా నాన్నా?"

"అదింకా బాగుంది," అన్నారాయన, దాని తల మీద చెయ్యి వేసి.

అది అక్కడ ఏడవలేదు. కాగితాలు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. స్టవ్ దగ్గరున్న అక్క కొంగు పట్టుకుని, చిన్నపిల్లలా, "అమ్మా, నా పరీక్షలైపోయాయని నాన్నకి చెప్పవే," అంది. అక్క స్టవ్ కట్టేసి, కూతుర్ని దగ్గరికి తీసుకుని, హాల్లోకి వెళ్ళకుండా అక్కడే నించుండిపోయింది.

ఆ దొర మరుసటేడే ఇంకో దేశంలో ఇంకేదో కట్టించడానికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తోడేళ్ళ పుస్తకాలు ఒక పెట్టెడు ఆఫీసులో వదిలేసి పోయాడట, వాటిని ఎవరూ తీసుకోలేదట. కప్పు వచ్చింది, వెళ్ళింది. మేనకోడలు ఉద్యోగంలో చేరింది, ఇప్పుడేం రాయడం లేదు. బావగారు అక్క ఏం వండినా తింటారు, టీవీలో ఏదొస్తే అది చూస్తారు, ఎవరు ఏది చెప్పినా చాలా బాగుందంటారు. కొద్ది నెలలే కదా అనుకున్నాం అప్పుడు. ఒక మనిషి తన నోరు తనే మర్చిపోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టదని మాకెవరికీ తెలియదు.